అయిదు లక్షలా, నెలకు రెండువేలా?

వడ్డిలెక్కలు పరీక్షకే కాని బ్రతుకునకు పనికిరావని మనలో పలువురు తలంతురు. పోలవరమున నివసించు మనము అట్లు తలంపరాదు. గోదావరిపై కట్టుచున్న ప్రాజెక్టు మూలమున ఎగువ పల్లెలవారు తాతలనాటి పొలములను, ఇండ్లను విడిచి పునరావాస కాలనీలకు వచ్చిరి. పొలము ఏటేట పండును; దానికి బదులుగా వచ్చిన రొక్కము, ఏమరినచో, ఒక్కమాఱే తీఱిపోవును. కావున ఇచ్చట ఒక లెక్కను చేసి చూతము.

1894 నాటి చట్టమునకు మాఱుగా 2013లో చేయబడిన భూసేకరణ చట్టము 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. భూమి వెల గాక, నిర్వాసిత కుటుంబముల జీవనమునకై దాని రెండవ షెడ్యూలు చూపిన మార్గములలో రెండు ఇవి: ఒక్కమాఱుగా 5,00,000 రూపాయలు, లేక 20 సంవత్సరముల వఱకు నెలకు 2,000 రూపాయలకు తగ్గని సొమ్ము. ఈ నెలసొమ్ము వ్యవసాయ కూలీల ధరల సూచిని బట్టి పెరుగవలెను.

20 సంవత్సరములనగా 240 నెలలు. నెలకు రెండువేల చొప్పున 4,80,000 అగును. అయిదు లక్షలే మేలని తోచును. నూటికి ఏటికి ఆఱు వడ్డి వచ్చుననుకొందము: అయిదు లక్షలపై ఏటికి 30,000, నెలకు 2,500, అసలు చెక్కుచెదరదు.

అయితే ధరలును ఏటికి నూటికి ఆఱు వంతున పెరిగినచో? 72ను 6చే భాగింపగా 12 వచ్చును. పండ్రెండేండ్లకు ధరలు ఇంచుమించు రెట్టింపగునన్నమాట. అప్పుడు మన 2,500 రూపాయలు నేటి 1,250 రూపాయల సరకునే తెచ్చును. ధరలతో పెరుగు నెలసొమ్ము నాలుగువేలకు చేరును. వడ్డిలో కొంత అసలునకు చేర్చువానికే అయిదు లక్షలు మేలు. అసలునే నెలకు పదివేల వంతున వాడుకొన్నచో, వడ్డి లేకున్న, 50 నెలలలో పెట్టె వట్టిదగును.

ఇంటికి అప్పున్నచో లెక్క మాఱును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డి వినుటకు స్వల్పము, ఏటికది ఇరువదినాలుగు. లక్ష అప్పునకు నెలవడ్డి 2,000: పై నెలసొమ్మంతయు దానికే చాలును! బ్యాంకు ఆఱు ఇచ్చుచుండగా ఇరువదినాలుగు కట్టుట తగదు. అట్టివారు మొత్తము పుచ్చుకొని మొదట అప్పు తీర్చుట మేలు. మిగిలినదానిని బ్యాంకులో ఉంచునప్పుడు, 2020 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డి కలిపి అయిదు లక్షల వఱకే బీమా కలదని ఎఱుగవలెను.

సోదర విద్యార్థులారా! ఇట్టి కాగితముపై తల్లిదండ్రులు వ్రేలిముద్రయో సంతకమో చేయుటకు ముందు, పలక తీసికొని వారిచెంత కూర్చుండుడు. ఇంటి అప్పెంత, నెలఖర్చెంత, వడ్డియెంత అని అడిగి వ్రాయుడు. మనము నేర్చిన లెక్కకు అంతకు మించిన పరీక్ష లేదు.