బరువు తగ్గే సర్జరీకి తోటివారి సలహా

ప్రశ్న: వచ్చే నెల స్లీవ్ సర్జరీ. ఇప్పటికే చేయించుకున్నవాళ్ల సలహాలు పాటించొచ్చా?

జవాబు: తిండి అలవాట్ల విషయంలో తప్పకుండా. స్లీవ్‌లో పొట్టను దాదాపు 80 శాతం తీసేస్తారు. సగం ఇడ్లీకే కడుపు నిండితే ఏం చేయాలో, పెళ్లి భోజనాల్లో కొసరి వడ్డించేవాళ్లను ఎలా తప్పించుకోవాలో వాళ్లకే బాగా తెలుసు. ముద్దను మెత్తగా నమలడం, తిన్నాక అరగంట దాకా నీళ్లు తాగకపోవడం వాళ్లను చూస్తే సులువుగా అలవడతాయి.

సర్జరీ అయిన మూడు నాలుగు నెలలకు జుట్టు రాలుతుంటే కూడా వాళ్ల మాట ధైర్యమిస్తుంది; అలా రాలడం మామూలే. చాలామందికి జుట్టు మళ్లీ వస్తుంది.

మందుల దగ్గర మాత్రం ఒకరి చీటీ ఇంకొకరికి పనికిరాదు. షుగర్ మాత్రల మోతాదు డాక్టరే మార్చాలి. బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వాడాలి. ప్రొటీన్ రోజుకు కనీసం 60 గ్రాములు అందాలి. ఆగని వాంతులు, జ్వరం, గుండెదడ, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే ఎవరినీ అడగకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.