కువైట్‌లో పత్రికలు, పుస్తకాలు – మనకెందుకు?

కువైట్ అనగానే మనకు పెట్రోలు, దినార్లు గుర్తుకొస్తాయి. కడప, గోదావరి జిల్లాల నుండి ఎందరో అక్కడికి ఇంటిపనికి, డ్రైవరు పనికి వెళ్ళారు. మాలో ఇద్దరి అమ్మలు అక్కడే ఉన్నారు. ఫోనులో వారి గొంతు వింటాం. కానీ ఆ దేశంలో ఏం రాయవచ్చో, ఏం రాయకూడదో మాకు తెలియదు. అందుకే చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

చట్టం ఏమంటుంది?

1962 నాటి కువైట్ రాజ్యాంగం 37వ అధికరణం పత్రికా స్వేచ్ఛ ఇచ్చింది. అయితే అది చట్టం పెట్టే షరతులకు లోబడినది. 1986లో పార్లమెంటును రద్దు చేసినప్పుడు పత్రికలపై ముందస్తు సెన్సారు పెట్టారు. 1992లో తీసివేశారు. 2006 చట్టం వల్ల, లైసెన్సు నిరాకరిస్తే కోర్టుకు వెళ్ళే హక్కు వచ్చింది. దానితో కొత్త దినపత్రికలు పుట్టాయి. కానీ ఎమీర్‌ను విమర్శించడం, మతాన్ని కించపరచడం నేరాలే. 2016 నుండి అమలైన సైబర్ నేరాల చట్టం ఇంటర్నెట్‌లో పెట్టే రాతలకు కూడా ఈ నిషేధాలను వర్తింపజేసింది. అక్కడున్న మనవారు సెల్‌ఫోనులో ఏదైనా పెట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

కళలు, సాహిత్యం

1958లో కువైట్ ప్రారంభించిన 'అల్ అరబీ' మాసపత్రిక అరబ్ దేశాలన్నిటా పాఠకులను సంపాదించింది. 1972లో వచ్చిన 'బస్ యా బహర్' సినిమా, చమురు దొరకక ముందు ముత్యాల కోసం సముద్రంలో మునిగిన పేదల బ్రతుకు చూపింది.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది సౌద్ అల్‌సనూసీ రాసిన 'వెదురు కాడ' అనే నవల. కువైట్ ఇంట్లో పనిచేసిన ఫిలిప్పీన్స్ తల్లికి, ఆ ఇంటి కొడుకుకు పుట్టిన అబ్బాయి కథ అది. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని నానమ్మ అతణ్ణి మనవడిగా చెప్పుకోదు. ఈ నవలకు 2013లో అరబిక్ నవలల అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అదే రచయిత తర్వాతి నవలను 2015లో కువైట్‌లో నిషేధించారు! 2018లో కోర్టు ఆ నిషేధం ఎత్తివేసింది. 2014 నుండి 2018 వరకు 4,000కు పైగా పుస్తకాలను నిషేధించారు. రచయితలు, పాఠకులు నిరసన తెలిపారు. 2020లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, దిగుమతి పుస్తకాలకు ముందస్తు అనుమతి అవసరం లేదన్నది. ఆ పార్లమెంటునే 2024 మేలో ఎమీర్ రద్దు చేశారు.

మనం నేర్చుకోవలసినది

స్వేచ్ఛ ఒకసారి వస్తే ఉండిపోయేది కాదు. అడిగేవారు ఉన్నంత కాలమే ఉంటుంది. పనిమనిషి కొడుకు కథను ఆ దేశపు రచయితే ధైర్యంగా రాశాడు. మరి వంటింట్లో పనిచేసి మన ఫీజులకు డబ్బు పంపే మన అమ్మల కథ ఎవరు రాయాలి? కలం పట్టిన మనమే రాయాలి. ఈసారి అమ్మ ఫోను చేసినప్పుడు, డబ్బు సంగతి తర్వాత, ఆమె రోజు ఎలా గడిచిందో అడుగుదాం. వచ్చే వార్షిక సంచికకు అదే మన మొదటి వ్యాసం కావాలి.