పైసలిస్తే సిగ్గు పోతదా?

అమ్మా,

నేను సింగరేణి బొగ్గు బాయిల్లో 37 ఏళ్లు పనిచేసి 2021లో రిటైరయిన కార్మికుణ్ణి. మాది గోదావరిఖని. అక్టోబరులో నేనూ మా ఆవిడా ఆరునెలలు ఉండేలా టెక్సస్‌లోని ఫ్రిస్కోకు, కొడుకు దగ్గరికి వచ్చాం. కోడలు మంచిది. ఆరేళ్ల మనవడు నన్ను వదలడు. బాధ కొడుకుతోనే. అదీ ఆస్తి గురించో, ఇంటి గురించో కాదు. ఒక ఫుట్‌బాల్ కోచ్ గురించి. చిన్న విషయమనుకోకుండా చివరిదాకా చదవండి.

మావాడు ఇక్కడి టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాడు. చదువు అయిపోయి పదేళ్లు దాటినా ఆ కాలేజీ జట్టంటే ప్రాణం పెడతాడు. ఈ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకొని ఉరికే ఆట. 2023 నవంబరు 11న, శనివారం, నన్నూ తీసుకుపోయాడు. కారులో మూడు గంటల పైన పట్టింది. లక్షమందికి పైగా కూర్చునే స్టేడియం. విద్యార్థులైతే ఆట అయిపోయేదాకా ఒక్కరూ కూర్చోలేదు, అది వాళ్ల ఆచారమట. అది నాకు బాగా నచ్చింది. మిసిసిపి స్టేట్ మీద 51-10తో గెలిచారు. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

తెల్లారితే దీపావళి. మా ఆవిడ పొయ్యి దగ్గర గారెలు తీస్తోంది. అప్పుడే వార్త వచ్చింది, ఆ జట్టు కోచ్ జింబో ఫిషర్‌ను తీసేశారని. మావాడు ఫోన్ పక్కన పెట్టి "పాపం బాపూ, గెలిచిన తెల్లారే" అన్నాడు. ఉత్త చేతులతో పంపారా అని అడిగాను. లేదట, ఒప్పందం ప్రకారం 76 మిలియన్ డాలర్ల పైన ఇస్తారట. మన లెక్కలో ఆరువందల కోట్లు దాటుతుంది.

నేను ఊరుకోలేకపోయాను. "గన్ని పైసలు తీసుకొని ఓడిపోయినోనికి పాపమేందిరా? బాయిల నడుములిరిగినోళ్లకు ఎవడన్నడు పాపమని?" అన్నాను. వాడు "పైసలిస్తే సిగ్గు పోతదా బాపూ?" అన్నాడు. మాట మీద మాట పెరిగింది. చివరికి "మీ కాలపోళ్లకు మస్టర్ పడితే చాలు, మనిషి ఏమైనా మీకు అక్కర లేదు" అనేశాడు. మనవడి ముందు.

అమ్మా, నేను 1984లో బదిలీ ఫిల్లర్‌గా బాయి దిగాను. తట్టా చెమ్మస్ పని. చెమ్మస్‌తో, అంటే పారతో, బొగ్గు తట్టకెత్తి, తట్టను నెత్తిన పెట్టుకొని టబ్బులో పోయాలి. ఏడాదికి 190 మస్టర్లు, అంటే హాజరు, నిండితేనే పర్మినెంటుకు దారి. జ్వరమొచ్చినా దిగాను, చెల్లె పెళ్లికి ముందురోజు కూడా దిగాను. తర్వాత యంత్రాలొచ్చి మమ్మల్ని రూఫ్‌కు దన్ను పెట్టే సపోర్ట్‌మన్‌లుగా మార్చారు. అప్పుడు నెలరోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నాకైతే అంత గుర్తులేదు, జీతమైతే తగ్గలేదు. ఆ జీతంతోనే వాణ్ణి చదివించాను.

కోచ్ అంటే మన హైదరాబాద్ రహీం సాబ్. కేన్సర్‌తో ఉండి 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకు ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చాడు. మరుసటేడే కన్నుమూశాడు. ఆయన్ను తలచుకుంటే కళ్లు చెమరుస్తాయి. ఈయన్ను చూసి నేనెందుకు జాలిపడాలి?

ఈ కాలం పిల్లలకు బాధలు ఎక్కువ, ఓర్పు తక్కువ. మొన్న ఎండాకాలంలో వాడు రెండేళ్లు చేసిన ప్రాజెక్టేదో కంపెనీ మూసేసి వేరే టీంలో వేసిందట. ఫోన్‌లో ఏదో చెప్పబోతే "జీతం తగ్గలే కదరా, ఇంకేంది?" అన్నాను. అంతే కదా మరి.

జనవరి వచ్చింది. వాడు తిన్నావా, మందులేసుకున్నావా అని తప్ప నాతో మాట్లాడడు. మార్చి నెలాఖరున మా తిరుగు ప్రయాణం. ఇట్లాగే విమానమెక్కాలంటే కాళ్లాడడం లేదు. నా మాటలో తప్పేముంది?

ఒక తండ్రి, గోదావరిఖని


అన్నగారూ,

మీ ఉత్తరం చిన్న విషయమని నాకు అనిపించలేదు. నాలుగుసార్లు చదివాను.

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అందులో మీరు చెప్పింది సరైనదే. 2017 డిసెంబరులో ఆ యూనివర్సిటీ ఫిషర్‌తో పదేళ్లకు 75 మిలియన్ డాలర్ల ఒప్పందం రాసుకుంది. మధ్యలో తీసేసినా మొత్తం ఇవ్వాల్సిందే. 2020లో జట్టు పది ఆటల్లో తొమ్మిది గెలిచి దేశంలో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఉత్సాహంలో 2021లో ఒప్పందాన్ని 2031 దాకా పొడిగించి, ఏడాది జీతాన్ని తొమ్మిది మిలియన్లకు పెంచారు. మరుసటి ఏడాదే జట్టు ఐదు గెలిచి ఏడు ఓడింది. 2023లో తీసేసినందుకు ఆయనకు అరవై రోజుల్లో 19 మిలియన్లు, ఆ తర్వాత 2031 దాకా ఏటా ఏడు మిలియన్ల పైచిలుకు కట్టాలి. ఆయన ఇంకోచోట కొలువులో చేరినా ఇందులో ఒక్క డాలరు తగ్గదు. క్రీడావిభాగం ఆదాయమూ దాతల విరాళాలే వాడతాం అన్నారు అధికారులు. అయినా అది ప్రజల యూనివర్సిటీ. ఒక్క మనిషిని పంపించడానికి అంత సొమ్మా అని మీ గొంతుకు అడ్డుపడిందంటే మీలో న్యాయం బతికే ఉంది. కాకపోతే ఆ కోపం సంతకం పెట్టిన పెద్దల మీదికి పోవాలి. ఒక్క మంచి ఏడాదిని చూసి పదేళ్లకు రాసిచ్చింది వాళ్లు. ఎదుటివాళ్లు రాసిచ్చిన కాగితం మీద సంతకం చేయడం నేరం కిందికి రాదు.

ఒకవేళ మీకు జాలిపడటానికి ఎవరో ఒకరు కావాలంటే ఇంకొందరున్నారు. పెద్ద కోచ్ పోతే ఆయన కింద పనిచేసే అసిస్టెంట్లలో చాలామంది కూడా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. కొత్తగా వచ్చేవాడు తన మనుషులను తెచ్చుకుంటాడు. ఏడాది మధ్యలో పిల్లల బడి మార్చి, ఇల్లు ఖాళీ చేసి ఇంకో రాష్ట్రానికి పోయే ఆ కుటుంబాల గురించి పత్రికలు పెద్దగా రాయవు.

ఇక రహీం సాబ్. ఆయన పేరెత్తారని సంతోషించాను, మన పిల్లలకు ఆయన పేరు కూడా తెలియకుండా పోతోంది. కానీ అన్నగారూ, జకార్తాకు రెండేళ్ల ముందు, 1960లో, రోమ్ ఒలింపిక్స్‌కు జట్టును తీసుకుపోయిందీ ఆయనే. అక్కడ ఒక్క ఆటా గెలవలేదు. హంగరీ చేతిలో 2-1తో, పెరూ చేతిలో 3-1తో ఓడిపోయారు. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. గ్రూపులో ఆఖరి స్థానం. రోమ్‌లో ఆయన జకార్తాలో కంటే తక్కువ కష్టపడ్డాడని మీరనగలరా? అదే మనిషి, అదే పట్టుదల. రోమ్ నుంచి వచ్చిన రోజునే ఆయన్ను కొలిచి పక్కన పెట్టి ఉంటే ఇవాళ మీ కళ్లు చెమర్చడానికి ఏం మిగిలేది?

మీరు చేసిన పనికీ కోచ్ చేసే పనికీ తేడా ఇక్కడే ఉంది. మీ కష్టం గొప్పది, దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు, మీ కొడుక్కి అసలే లేదు. పైన ఎప్పుడు కూలుతుందో తెలియని రూఫ్ కింద మీరు షిఫ్టు తర్వాత షిఫ్టు చేశారు. కానీ ఆ పనిలో ఒక నికరం ఉండేది. టబ్బు నిండితే నిండినట్టే. మీరు నింపిన టబ్బును చూసి ఇది నిండలేదని ఏ సర్దారూ ఏ ఓవర్‌మనూ అనలేడు. మస్టర్ పడితే ఆ రోజు మీది. కోచ్‌కు ఆ నికరం లేదు. వారమంతా తెల్లవారుజామునుంచి పొద్దుపోయేదాకా పనిచేసినా శనివారం సాయంత్రం ఇరవై ఏళ్ల కుర్రాడి చేతిలోంచి బంతి జారితే ఆ వారం కష్టమంతా సున్నా. 2022లో ఆ జట్టు దేశంలోకెల్లా మేటి అనిపించుకున్న కొత్త కుర్రాళ్లను తెచ్చుకుంది. అదే ఏడాది సొంత మైదానంలో అప్పలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టు చేతిలో 17-14తో ఓడింది. టబ్బు నింపి బయటికొచ్చి చూసుకుంటే ఖాళీగా ఉన్నట్టు.

మీ కొడుకు చేసేది ఈ రెండో రకం పని. అందుకే ఆ వార్త చూడగానే వాడి నోట పాపం అనే మాట వచ్చింది. వాడికి ఓర్పు తక్కువనుకోవడం తేలిక. కానీ మీరొక్కసారి ఆలోచించండి, రెండేళ్ల టబ్బులు ఒక్క మెయిల్‌తో ఖాళీ అయితే మీ బ్యాచ్ ఫిల్లర్లు ఏమనేవారో.

ఆ కోచ్ గురించి మీవాడు చెప్పి ఉండడు, వాడికి తెలుసో లేదో. ఫిషర్ పుట్టి పెరిగింది వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌లో. అది బొగ్గు ప్రాంతం. ఆయన తండ్రి బొగ్గుగనిలో పనిచేసినవాడు, పొలం కూడా చూసుకునేవాడు. తల్లి బడిలో కెమిస్ట్రీ చెప్పేది. దీనివల్ల ఆ ఆరువందల కోట్లు న్యాయమైపోవు, అది నేనూ ఒప్పుకోను. కాకపోతే మీరు జాలిపడనక్కర లేదనుకున్న మనిషి మీలాంటి తండ్రి ఇంట్లోనే పెరిగాడు. ఆయన జట్టు ఓడిపోతుంటే ఆ ఇంట్లో ఏ మాటలు చెవిన పడుతూ పెరిగాడో అవి లోపల వినపడకుండా ఉంటాయా? బహుశా మీరు మీవాడితో అన్న మాటలే అయ్యుంటాయి.

ఇప్పుడు మీ ఉత్తరంలోని రెండు వాక్యాల దగ్గరికి వస్తాను. వాటిని మీరు దూరదూరంగా రాశారు. నేను పక్కపక్కన పెట్టుకొని చదివాను. మిమ్మల్ని ఫిల్లింగ్ నుంచి తీసి సపోర్ట్‌మన్‌గా మార్చినప్పుడు జీతం తగ్గలేదన్నారు. మీవాడి ప్రాజెక్టు మూసేసినప్పుడు కూడా జీతం తగ్గలేదన్నారు. మరి ఆ నెలరోజులు మీరెందుకు మాట్లాడలేదు?

మీకు గుర్తులేదని రాశారు. మీ ఆవిడకు గుర్తుంది. ఇంట్లో పిల్లలు కూడా ఉండే ఉంటారు, నాన్న అన్నం తిని గోడవైపు తిరిగి పడుకోవడం చూసే ఉంటారు. ఏళ్ల తరబడి చేతికొచ్చిన పని, భుజానికి అలవాటైన బరువు, బాయిలో ఫలానావాడి చెమ్మస్ అంటే ఒక పేరు. అవన్నీ ఒక్క ఉత్తర్వుతో అక్కర లేకుండా పోయాయి. మీరు సరిగ్గా చేయనందుకు కాదు. జీతం చీటీలో ఆ సంగతి ఎక్కడా కనపడదు, ఎందుకంటే అంకె మారలేదు. పైసలిస్తే సిగ్గు పోతదా అని మీవాడు అడిగింది కోచ్ గురించే కావచ్చు. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసింది మీకు.

వాడు ఎండాకాలంలో ఫోన్ చేసి ఏదో చెప్పబోయాడని రాశారు. ఏం చెప్పబోయాడో మీకు తెలియదు, ఎందుకంటే మధ్యలోనే మీరు లెక్క చెప్పేశారు. నవంబరులో వాడు ఇంకొకరి పేరు మీద అదే మాట మళ్లీ ఎత్తాడు. మళ్లీ లెక్కే ఎదురొచ్చింది. మూడోసారి వాడు ఎత్తడు. ఇప్పుడు ఎత్తాల్సింది మీరు.

మస్టర్ మాట మాత్రం వాడి తప్పే. ఆ మస్టర్ల మీదే వాడు ఆ యూనివర్సిటీ దాకా పోయాడు. మనవడి ముందు అనడం ఇంకా పెద్ద తప్పు. వాడు ఈ పేజీ చదువుతుంటే ఇది వాడికే చెబుతున్నాను: నాయనా, ఆ ఒక్క మాటకు మీ నాన్నకు క్షమాపణ బాకీ ఉన్నావు. అయితే అన్నగారూ, మీరు ఆ క్షమాపణ కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. మార్చి ఎంతో దూరం లేదు.

కోచ్ పేరు ఎత్తొద్దు, న్యాయం ఎవరిదని మళ్లీ తేల్చొద్దు. ఏదైనా ఒక శనివారం కోడలు మనవణ్ణి ఆటకో ఈతకో తీసుకుపోయినప్పుడు వాడితోపాటు కారులో ఏదో పని మీద బయలుదేరండి. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన కూర్చుంటే వస్తాయి. చెమ్మస్ చేతిలోంచి పోయిన ఆ నెల గురించి చెప్పండి. చివరి టబ్బు ఏ బాయిలో నింపారు, పక్కన ఎవరున్నారు, మర్నాడు పొద్దున లేచి చేతులు ఏం చేయాలో తెలియక ఎట్లా ఉన్నాయి, అవన్నీ. గుర్తులేదని రాశారు గానీ మొదలుపెడితే గుర్తొస్తుంది. మీ ఆవిడ చెప్పేది నిజమేనని కూడా వాడి ముందు ఒప్పుకోండి.

చెప్పాక "మరి నీ సంగతేంది?" అని వెంటనే అడగకండి. వాడు ఏమీ అనకుండా కారు నడుపుతుంటే నడపనివ్వండి. ఇంటికొచ్చాక చాయ్ మీరే పెట్టి, వాడి కప్పు వాడి చేతికివ్వండి. ఆ రోజు కాకపోతే ఇంకో వారం. వాడు మొదలుపెట్టినప్పుడు మాత్రం ఆ ప్రాజెక్టు పేరేమిటో, దాంతో ఏం చేద్దామనుకున్నాడో అడిగి, అర్థమైనా కాకపోయినా చివరిదాకా వినండి. జీతం మాట మధ్యలో రానివ్వకండి.