వడ్డించండి – వడ్డించుకోండి

ఒక ఉగాదికి మా తెలుగు బడిలో భోజనాల వేళ మూడో తరగతి పాప మైకు అందుకుని "అందరూ వడ్డించండి!" అని ప్రకటించింది. ఇండియా నుంచి వచ్చిన ఇద్దరు అమ్మమ్మలు వెంటనే లేచి గరిటెలు పట్టుకున్నారు! అందరం నవ్వేశాం. పాప చిన్నబుచ్చుకుంది. ఆ తర్వాత చాలా రోజులు మైకు ముట్టలేదు. పొరపాటు మాదే. ఆ "కో" గురించి మేము క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత పాప అడిగిన ప్రశ్న ఇది: "ఫ్రెంచ్‌లో 'సెర్వే వూ' అంటాం. 'వూ' అంటే మీరు, మీకు మీరే. తెలుగులో అది ఎక్కడుంది?"

అంటారియో ఇంగ్లీషు బడుల్లో 4 నుంచి 8వ తరగతి దాకా ఫ్రెంచ్ తప్పనిసరి. కనుక మన పిల్లలకు ఈ పోలిక సులువు. స్పానిష్‌లోనూ ఇంతే. నలుగురిని కూర్చోమనాలంటే లాటిన్ అమెరికాలో "సియెంతెన్సె" అంటారు, స్పెయిన్‌లో స్నేహితులతో "సెంతావోస్" అంటారు. చివరనున్న "సె", "ఓస్" సర్వనామాలే.

తెలుగులో ఆ పని చేసేది "కొను". అది క్రియలోనే దాక్కుంది. (చూశారా, "దాక్కుంది"లోనూ అదే ఉంది!) దీన్ని ఆత్మార్థకం అంటారు. పని ఫలం చేసేవారికే చెందుతుందని అర్థం.

తేడా గమనించండి:

వడ్డించండి – ఇతరులకు
వడ్డించుకోండి – ఎవరికి వారు

చేతులు కడగండి – పక్కవాడివి కావచ్చు
చేతులు కడుక్కోండి – మీవే

పడండి – కింద పడటం
పడుకోండి – నిద్రపోవడం

కొట్టకండి – ఎవరినీ
కొట్టుకోకండి – ఒకరినొకరు

గుంపుతో మాట్లాడేటప్పుడు మూడు రూపాలు చాలు: "కడుక్కోండి" (మీరు), "కడుక్కుందాం" (మనమందరం), "కడుక్కోకండి" (వద్దు). వద్దన్నప్పుడు ఫ్రెంచ్, స్పానిష్‌లలో సర్వనామం క్రియకు ముందుకు వెళ్తుంది. మన "కో" మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

"మిమ్మల్ని మీరు" అన్నా "కో" తప్పదు. "మిమ్మల్ని మీరు పరిచయం చేయండి" కాదు, "పరిచయం చేసుకోండి" అనాలి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాలంటే మనకు చక్కటి నుడి ఉంది: "ఎవరి బూట్లు వాళ్లు వేసుకోండి." కెనడా చలికాలంలో బడి గుమ్మం దగ్గర రోజూ పనికొచ్చే వాక్యం!

ఇంకొక మాట. "అండి" ఎందరితోనైనా వాడవచ్చు, ఒక్క పెద్దవారితోనూ వాడవచ్చు. ఫ్రెంచ్ "వూ" కూడా అంతే.

అభ్యాసం: సరిదిద్దండి.
1. పిల్లలూ, మీ కోట్లు తొడగండి.
2. అందరూ మీ తలలు దువ్వండి.
3. బామ్మగారూ, శాలువా కప్పుకో.

జవాబులు: 1. తొడుక్కోండి 2. దువ్వుకోండి 3. కప్పుకోండి

తల్లిదండ్రులకు మనవి: పిల్లలు తప్పు మాట్లాడినప్పుడు నవ్వకండి. సరైన వాక్యాన్ని మామూలుగా మీరు ఒకసారి అనండి, చాలు. నవ్వితే పిల్లలు ఇంగ్లీషులోకి జారుకుంటారు.

మరుసటి ఉగాదికి అదే పాప మైకు తీసుకుని, "ఎవరి పళ్లెం వాళ్లు తీసుకుని వడ్డించుకోండి" అంది. ఈసారి అమ్మమ్మలు గరిటెల జోలికి పోలేదు. నింపాదిగా పళ్లేలు తీసుకుని వరుసలో నిలబడ్డారు.