స్కాన్‌లో కనబడని దెబ్బ

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా సైన్యంలో ఉండగా అఫ్గానిస్తాన్‌లో బాంబు పేలింది. అప్పట్నుంచీ తలనొప్పి, మతిమరుపు. ఎంఆర్‌ఐ నార్మల్. వైకల్య పరిహారం ఇస్తారా?

జవాబు: అవకాశం ఉందమ్మా. తేలికపాటి మెదడు గాయం చాలాసార్లు ఎంఆర్‌ఐకి చిక్కదు. యుద్ధంలో తగిలిన దెబ్బకు ఆసుపత్రి కాగితం లేకపోయినా, తోటి సైనికుల రాతపూర్వక వాంగ్మూలం పనికొస్తుంది. అసలు చిక్కంతా డాక్టరు లేఖ దగ్గరే. పేలుడుకూ ఇప్పటి బాధకూ సంబంధం ఉండే అవకాశం కనీసం 50 శాతమని, కారణాలు చూపిస్తూ రాయించాలి. తొలి నిర్ధారణ న్యూరాలజిస్టు, న్యూరోసర్జన్, సైకియాట్రిస్టు, ఫిజియాట్రిస్టులలో ఒకరు చేయాలి. బిడ్డలో వచ్చిన మార్పులు మీకన్నా ఎవరికి తెలుసు? అవి మీరూ రాసివ్వండి. పరిహారం కోసం చేసే వైద్య పరీక్షలో మొహమాటానికి ‘బాగానే ఉన్నా’ అనొద్దని చెప్పండి. దరఖాస్తు చేస్తామని వెటరన్స్ అఫైర్స్ శాఖకు ఇప్పుడే తెలియజేస్తే, ఏడాదిలోగా పూర్తి కాగితాలిచ్చినా తెలియజేసిన తేదీయే దరఖాస్తు తేదీగా నిలుస్తుంది.