తేదీ ఒక్కటే చూస్తే చాలదు

బాలానగర్, జీడిమెట్ల వైపు మందుల కంపెనీల్లో పనిచేసి రిటైరైనవాళ్లు అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ సందుల్లో చాలామందే కనిపిస్తారు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ బాలానగర్‌లో ప్లాంటు పెట్టడంతో మన హైదరాబాద్‌కు కెమిస్టుల సంత మొదలైంది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి గారే 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. నేను ఆ కెమిస్టుల్లో స్టెబిలిటీ విభాగం వాణ్ణి. మందు ఎన్నాళ్లు నిలుస్తుందో చూడటం మా పని. ఇప్పుడు కాలనీవాళ్లు పాత స్ట్రిప్పులు పట్టుకొచ్చి "సార్, ఇది వేసుకోవచ్చా?" అంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పేవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. ఎక్స్‌పైరీ తేదీ షరతులున్న హామీ.

ఆ తేదీ పక్కనే చిన్న అక్షరాల్లో "30 డిగ్రీలకు మించని చోట, వెలుతురు, తేమ తగలకుండా ఉంచండి" అని ఉంటుంది. ఆ వాక్యం పాటిస్తేనే తేదీకి విలువ. మే నెల మధ్యాహ్నం స్కూటర్ డిక్కీలో పడేసిన మాత్రకు కంపెనీ ఏ హామీ ఇవ్వలేదు. మన ఇళ్లలో మందుల డబ్బా ఉండేది పొయ్యి పైన అలమరలో, లేదా ఫ్రిజ్ నెత్తిన. ఫ్రిజ్ లోపల చల్లగా ఉంటుంది గానీ లోపల లాగేసిన వేడినంతా అది బయటికే వదులుతుంది. డబ్బా పెట్టడానికి పడగ్గదిలో బీరువా నయం.

2. కాలాన్ని కొంతవరకే తొందరపెట్టగలం.

కొత్తగా ల్యాబ్‌లో చేరే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న: రెండేళ్ల గడువు ఇవ్వాలంటే రెండేళ్లూ ఆగాలా? దారి ఉంది. వేడి పెరిగితే రసాయన చర్యల వేగం పెరుగుతుందని ఆరేనియస్ 1889లోనే లెక్క కట్టి చూపించాడు. అంచనాగా పది డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపవుతుందనుకోండి. అందుకే మూడు బ్యాచుల శాంపిళ్లను, అమ్మబోయే ప్యాకింగులోనే, 40 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న ఛాంబర్లో ఆరు నెలలు పెడతాం. ఆ ఛాంబర్ తలుపు తీయగానే కళ్లజోడుకు ఆవిరి పట్టేస్తుంది, ఒక్క క్షణం ఏమీ కనిపించదు. పక్కనే మామూలు నిల్వ పరిస్థితుల ఛాంబర్ నడుస్తుంటుంది. అందులోంచి 3, 6, 9, 12, 18, 24 నెలలకు శాంపిల్ తీసి హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చూస్తాం. మందు ఎంత మిగిలింది, కొత్తగా ఏ మలినం పుట్టింది, మాత్ర నీళ్లలో ఎంతసేపటికి కరిగింది, రంగు మారిందా? ఆరు నెలల వేడిలో ఐదు శాతం మందు తగ్గితే అది పెద్ద మార్పే. ఫలితాలన్నీ బాగుంటే ఏడాది చూసి రెండేళ్ల గడువు అడగొచ్చు. అలాగని అసలు ఛాంబర్‌ను ఆపేయడానికి వీల్లేదు, రెండేళ్లూ నడవాల్సిందే. మధ్యలో కరెంటు పోతే, జనరేటర్ మొరాయిస్తే, ఆ రాత్రి కథంతా రిజిస్టర్లో రాయాలి.

వేడిలో జరిగేదే మామూలు వాతావరణంలోనూ నెమ్మదిగా జరుగుతుందని నమ్మకమేమీ లేదు. కొన్ని మందులు 40 డిగ్రీల దగ్గర వేరే దారిలో విరుగుతాయి. ఆ తేడా తెలిసినవాడే స్టెబిలిటీ మనిషి. మిగతావాళ్లు శాంపిళ్లు మోసేవాళ్లే అని నా అభిప్రాయం, ఎవరికైనా కోపమొస్తే రానివ్వండి.

3. మందు మిగిలి ఉందంటే మంచిదని కాదు.

రానిటిడిన్ గుర్తుందా? కడుపులో మంట అనగానే ఇంటింటా వేసుకున్న మాత్ర. అందులో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక మలినం ఉందని 2019లో బయటపడింది. మామూలుగా నిల్వ ఉంచినా అది పెరుగుతోందని, వేడిలో మరింత పెరుగుతోందని తేలాక, 2020 ఏప్రిల్లో అమెరికా ఎఫ్‌డీఏ ఆ మందును మార్కెట్ నుంచి తీసేయమంది. 2022లో మన అత్యవసర మందుల జాబితాలోంచీ పోయింది. ఎన్‌డీఎంఏకు రోజువారీ హద్దు 96 నానోగ్రాములు. 150 మిల్లీగ్రాముల మాత్రతో పోలిస్తే అది పది లక్షల్లో ఒక వంతు కూడా కాదు. అంత కొంచెం విరిగితే 'ఎంత మందు మిగిలింది' అనే పరీక్షకు ఎలా తెలుస్తుంది? అన్ని పరీక్షలూ పాసైన మందే అది. 1963లో అమెరికాలో పాతబడిన టెట్రాసైక్లిన్ వేసుకున్నవాళ్లకు కిడ్నీలు దెబ్బతిన్నప్పుడూ ఇదే పాఠం. తగ్గిన మందు కన్నా, విరిగి పుట్టినదే ప్రమాదం.

4. తేమ.

ఆస్పిరిన్‌కు చెమ్మ తగిలితే శాలిసిలిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లంగా విడిపోతుంది. మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే పారేయండి. అమాక్సిసిలిన్-క్లావులనేట్‌లో క్లావులనేట్‌కు తేమ అసలు పడదు. పిల్లల సిరప్‌లో నీళ్లు కలిపాక ఫ్రిజ్‌లో పెట్టినా దాదాపు వారమే దాని ఆయుష్షు. అందుకని ఫాయిల్ చించి మాత్రలన్నీ ఒక డబ్బీలో పోసుకోకండి.

5. చలి కూడా పాడుచేస్తుంది.

పంజాగుట్ట నిమ్స్‌కు ఆదిలాబాద్ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాళ్లు నెలకు సరిపడా ఇన్సులిన్ కొని, బస్సులో పాడవుతుందని ఐసు ముక్కల మధ్య కుక్కి తీసుకెళ్తారు. ఐసుకు ఆనుకున్న వయల్ గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు, కరిగించినా సరే. తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. వాడకం మొదలుపెట్టాక 30 డిగ్రీల లోపు దాదాపు నాలుగు వారాలు చాలా రకాలు బాగానే ఉంటాయి. ఐసుకూ వయల్‌కూ మధ్య మందపాటి గుడ్డ చుట్టండి.

1997లో మన శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా వంటి వాటికీ గడ్డకట్టడమే గండం. అనుమానం వస్తే అదే బ్యాచులో ఒక వయల్‌ను కావాలనే గడ్డకట్టించి, కరిగించి, రెంటినీ కలిపి పట్టుకొని ఊపి, బల్ల మీద పక్కపక్కనే పెడతారు. గడ్డకట్టిన దాంట్లో తెల్లటి మడ్డి తొందరగా అడుగుకు దిగుతుంది. అనుమానమున్నదీ అంతే తొందరగా దిగితే బుట్టలోకే.

6. "ఎక్స్‌పైరీ దాటినా పనిచేస్తుందట కదా?"

వాట్సాప్‌లో తిరిగే ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు. అమెరికా సైన్యం నిల్వల మీద 2006లో వెలువడిన అధ్యయనంలో 122 మందులు చూస్తే, 88 శాతం బ్యాచులకు కనీసం ఏడాది గడువు పొడిగించగలిగారు. కాకపోతే అవి సీలు విప్పని, గోదాములో పద్ధతిగా దాచిన పెట్టెలు. పైగా బ్యాచు బ్యాచునూ పరీక్షించాకే పొడిగించారు. మన అలమరకు ఆ లెక్క వర్తించదు. గుండె మందు, ఇన్సులిన్, మూర్ఛ మందుల విషయంలో ఈ వాదనే వద్దు.

7. స్ట్రిప్ కత్తిరించేటప్పుడు.

నాలుగు మాత్రలు అడిగితే షాపువాడు కత్తెరతో కట్ చేసి ఇస్తాడు. తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న ముక్క అతని దగ్గరే మిగులుతుంది. మన చేతికొచ్చిన ముక్క మీద ఒక్కోసారి మందు పేరు కూడా ఉండదు. రేపు ఆ బ్యాచును వెనక్కి పిలిచినా మనకు తెలిసే దారి లేదు. మెడికల్ షాపుల అన్నదమ్ములకు నా విన్నపం: తేదీ లేని ముక్క ఇచ్చేటప్పుడు కవరు మీద పేరు, బ్యాచ్ నంబరు, గడువు రాసివ్వండి. కొనేవాళ్లూ మొహమాటపడకుండా రాయించుకోండి.