డైరెక్టర్లు షేర్లు అమ్మితే మనకెలా తెలుస్తుంది?

ప్రశ్న: నా దగ్గర హైదరాబాద్‌లోని మిధాని కంపెనీ షేర్లు కొన్ని ఉన్నాయి. కంపెనీ లోపలివాళ్లు కొంటున్నారో, అమ్ముతున్నారో తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు, గోరిమేడు, పుదుచ్చేరి

జవాబు: ఉందండీ. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనల ప్రకారం ప్రమోటర్లు, డైరెక్టర్లు, కంపెనీ గుర్తించిన ఉద్యోగులు ఒక త్రైమాసికంలో 10 లక్షల రూపాయలు దాటి లావాదేవీలు చేస్తే, ఆ సంగతి ఎక్స్ఛేంజీల్లో వెల్లడి కావాలి. బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో ‘ఇన్‌సైడర్ ట్రేడింగ్’ విభాగంలో ఆ వివరాలు ఉచితంగానే చూడొచ్చు.

అమ్మకం కనబడగానే కంగారు పడకండి. పిల్లల పెళ్లికో, ఇల్లు కట్టుకోవడానికో అమ్మి ఉండొచ్చు. షేర్ల తాకట్టును, ఉద్యోగులకిచ్చే షేర్లను కూడా మార్కెట్ కొనుగోళ్లతో కలిపి లెక్కేయకండి. ఇద్దరు ముగ్గురు డైరెక్టర్లు సొంత డబ్బుతో మార్కెట్లో కొంటుంటే మాత్రం గమనించాల్సిందే. అయినా ఆ ఒక్కటి చూసి కొనేయకుండా ఆర్డర్లు, లాభాలు కూడా చూడండి.